బొగ్గు కింద మంచు
(స్వర్ణోత్సవ సభలో పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం వాళ్లు ఫోన్ చేసి, "నీ ఉద్యోగం గురించి నాలుగు మాటలు చెప్పు, ఆ కాగితం మాకిస్తే సంచికలో వేసుకుంటాం" అన్నారు. నా ఉద్యోగం బోర్లు వేయడం. ముప్పై ఏళ్లకు పైగా అదే పని. మొదట ఇక్కడ బొగ్గు కోసం వేశాను, తరువాత కాకినాడ వైపు సముద్రంలో గ్యాస్ కోసం వేశాను. ఇవాళ మీకు బోరు కొట్టించకుండా చూస్తాను కానీ, మాటివ్వలేను.

ఎనిమిదో తరగతిలో ఒక రోజు మా సైన్స్ సారు ఒక ప్రశ్న అడిగారు. సారు పేరు చెప్పను. చెబితే ఆయన కోప్పడతారు, ఆయన సంగతి మీకు తెలుసు. ఎన్టీపీసీ మొదటి యూనిట్ నడవడం మొదలైన రోజులవి. ఎండాకాలం ఒంటిపూట బడి. రేకుల కింద కూర్చుంటే చెమట నోటుబుక్కు మీద పడేది.

"బొగ్గు కింద ఏముంటది రా?" అన్నారు సారు.

ఒకడు బండ అన్నాడు. ఒకడు ఇసుక అన్నాడు. మా బాపు బాయిలో పంపు ఖలాసీ. నేను లేచి, "నీళ్లు సార్" అన్నాను. ఇంట్లో నేను విన్నది అదే. బాపు ఎప్పుడూ అనేవాడు: "బొగ్గు గురించి మేనేజర్‌ను అడుగు. నీళ్ల గురించి నన్నడుగు. పంపు ఒక్క షిఫ్టు ఆగితే బాయి చెరువైతది."

సారు నవ్వి, "మీ బాపు చెప్పింది నిజమే గని, ఇంకా కిందికి పోతే మంచుంటది" అన్నారు.

క్లాసంతా గొల్లుమంది. వెనక బెంచీ నుంచి, "పుల్ల ఐసా సార్?" అని ఒక గొంతు వచ్చింది. ఆ గొంతు గలాయన ఇవాళ మూడో వరుసలో మనవడిని ఎత్తుకుని కూర్చున్నాడు, నవ్వుతున్నాడు. సారు కోప్పడలేదు. మంచు ఇప్పుడు లేదు, అది వదిలి వెళ్లిన మట్టి ఉంది అని బోర్డు మీద రెండు గీతలు గీసి చూపించారు. గంట కొట్టారు. మేం మరిచిపోయాం. పరీక్షలో అది రాలేదు కదా!

పదేళ్లు దాటాక నేను కొత్త ఇంజినీరుగా ఒక డ్రిల్లింగ్ క్యాంపులో ఉన్నాను. బొగ్గు కోసం బోరు వేసేటప్పుడు రాయిని పొడి చేసి తీయరు. గొట్టం లోపలికి రాయి నిలువు ముక్కగా, చెరకు గడలాగా వస్తుంది. దాన్ని కోర్ అంటారు. వరుసగా పెట్టెల్లో పేర్చి, ఎంత లోతులో వచ్చిందో రాసిపెడతారు. సీములన్నీ దాటి కిందికి పోయాక ఒక చోట రాయి రంగు మారుతుంది. పాచి పట్టినట్టు ఆకుపచ్చగా ఉంటుంది. ఎండలో రెండు రోజులు పెడితే సూదులు సూదులుగా చిట్లిపోతుంది. దాని పేరు తాల్చీర్. అది కనిపించిందంటే రిగ్గు మీద పనిచేసే వాళ్లందరికీ సంతోషం. ఇక కింద బొగ్గు ఉండదు, బోరు అయిపోయినట్టే, రాడ్లు తీసి సామాను సర్దుకోవడమే. మా దృష్టిలో తాల్చీర్ అంటే "పని ముగిసింది" అని ఒక గుర్తు, అంతే.

ఆ క్యాంపులో ఒక కోర్‌లో ఆ ఆకుపచ్చ రాయి మధ్యన నిమ్మకాయంత గులకరాయి వచ్చింది. గులాబి రంగు గ్రానైటు. మెత్తటి మట్టిరాయిలో గ్రానైటు ముక్క ఎక్కడిది? నేను ఆలోచించలేదు. బోరు గోడలోంచి పై రాయి ఏదో ఊడి కిందపడి ఉంటుందనుకుని లాగ్ పుస్తకంలో "పైనుంచి జారిన రాయి" అని రాశాను. డ్రిల్లింగ్‌లో అలా జరుగుతూనే ఉంటుంది, అందుకని నాకు అనుమానం రాలేదు.

మరునాడు వచ్చిన పెద్దాయన, జియాలజిస్టు, ఆ పేజీ చూసి నన్ను పిలిచారు. చెంబుతో నీళ్లు తెచ్చి కోర్ మీద పోశారు. తడిస్తే రాతిలో గీతలు తేలతాయి. కాగితాల కట్టను పక్కనుంచి చూసినట్టు సన్నటి పొరలు. రాయి ఉన్న చోట కింది పొరలు గుంతపడినట్టు వంగి ఉన్నాయి. పైపొరలు రాయి మీద దుప్పటి కప్పినట్టు ఎత్తుగా లేచి, మళ్లీ సమంగా సాగాయి.

"ఇది నీ బోరులో పడ్డ రాయి కాదు. ముప్పై కోట్ల ఏండ్ల కింద బురదలో పడ్డ రాయి" అన్నారాయన.

మిత్రులారా, ఈ చిన్న విషయం దగ్గర కాసేపు ఆగుదాం. నేను చెప్పబోయేదంతా దీని మీదే నిలబడి ఉంది. అంత సన్నటి పొరలు పడాలంటే నీళ్లు కదలకుండా నిశ్చలంగా ఉండాలి. మన గోదావరిలో వరద తగ్గాక మడుగుల్లో తేరిన మట్టి చూడండి, అలాగన్నమాట. నిమ్మకాయంత రాయిని దొర్లించే ప్రవాహం ఉంటే ఆ మెత్తటి మట్టి అక్కడ నిలవదు, కొట్టుకుపోతుంది. మట్టి ఉంది, రాయీ ఉంది. కాబట్టి రాయి పక్కనుంచి రాలేదు, పైనుంచి పడింది. నీళ్ల మీద తేలే వస్తువు ఏదో దాన్ని అక్కడిదాకా మోసుకొచ్చి వదిలింది. అలా ఒకటీ అరా కాదు, వేల చోట్ల, పిడికెడు రాయి నుంచి బండంత రాయి దాకా మోసుకురాగలిగింది ఒకటే: మంచుకొండ. హిమానీనదం కొండను రాచుకుంటూ దిగి, రాళ్లను తనలో ఇరికించుకుని, నీళ్ల దగ్గరికొచ్చి విరుగుతుంది. ముక్కలు తేలుతూ పోతాయి. కరిగిన చోట రాయి జారి అడుగున పడుతుంది. గ్రీన్‌లాండ్ పక్కన, అంటార్కిటికా చుట్టూ ఇవాళ కూడా సముద్రం అడుగున ఇలా రాళ్లు పడుతూనే ఉన్నాయి.

పుల్ల ఐసు సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది.

ఇది కనిపెట్టింది మన దేశంలోనే. 1856లో ఒడిశాలోని తాల్చేరు బొగ్గు గనుల ప్రాంతంలో జియలాజికల్ సర్వే వాళ్లు, బ్లాన్‌ఫోర్డ్ అన్నదమ్ములు, వాళ్లతోపాటు థియోబాల్డ్, మెత్తటి మట్టిలో పెద్ద బండరాళ్లు ఇరుక్కున్న పొర చూసి, ఇది మంచు పని అన్నారు. ఎండకు మాడే దేశంలో మంచేమిటని నమ్మనివాళ్లు నమ్మలేదు. తరువాత 1870లలో ఫెడన్ అనే ఆయనకు మనకు ఎగువన, చంద్రపూర్ జిల్లాలో పెన్‌గంగ దగ్గర ఇరై అనే ఊళ్లో సాక్ష్యం దొరికింది. తాల్చీర్ పొర కింద ఉన్న సున్నపురాయి నేల నున్నగా అరిగి, దాని మీద ఒకే దిక్కుకు పొడుగ్గా గీతలు ఉన్నాయి. రాళ్లు పొదిగిన మంచు ఆ నేల మీద జరుగుతూ పోయిన గీతలు. పెన్‌గంగ వార్ధాలో, వార్ధా ప్రాణహితలో, ప్రాణహిత కాళేశ్వరం దగ్గర మన గోదావరిలో కలుస్తాయి. అంటే అది పరాయి చోటు కాదు, మన ఏటి పైభాగమే.

1871లో ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని గుర్తించిన విలియం కింగ్‌ను సింగరేణి వాళ్లం తలుచుకుంటాం. ఆయనే 1881లో ప్రాణహిత–గోదావరి లోయ రాళ్ల మీద పెద్ద గ్రంథం రాశారు. అందులో బొగ్గుతోపాటు తాల్చీర్ పొరల లెక్క కూడా ఉంది. బొగ్గు మాత్రం మనం గుర్తుపెట్టుకున్నాం.

ఇవే పొరలు, ఇదే వరుసలో, కింద మంచు మట్టి, పైన బొగ్గు, దక్షిణాఫ్రికాలో, ఆస్ట్రేలియాలో, దక్షిణ అమెరికాలో, అంటార్కిటికాలో ఉన్నాయి. ఖండాలన్నీ ఒకప్పుడు కలిసి ఉన్నాయని 1912లో వెగెనర్ చెప్పినప్పుడు చూపించిన గట్టి సాక్ష్యాల్లో ఇదొకటి. ఆ మహాఖండంలో దక్షిణ భాగానికి పెట్టిన పేరు గోండ్వానా. మన ఆదిలాబాద్ గోండుల పేరు. ప్రపంచంలో ఏ దేశపు జియాలజీ పుస్తకం తెరిచినా మన పక్క ఊరివాళ్ల పేరు కనిపిస్తుంది. అప్పట్లో మన నేల భూమధ్యరేఖకు చాలా దక్షిణాన, ధ్రువం వైపు ఉండేది.

మంచు కరిగాక సముద్రం లోపలికి వచ్చింది. ఛత్తీస్‌గఢ్‌లో మనలాంటి బొగ్గు పట్నమే మనేంద్రగఢ్. అక్కడ హస్‌దేవ్ నది ఒడ్డున తాల్చీర్ పొరల్లో చన్నీటి సముద్రపు గవ్వలు దొరుకుతాయి. నడి దేశంలో గవ్వలు! ఆ తరువాత చిత్తడి అడవులు మొలిచాయి. నాలుక ఆకారం ఆకుల గ్లోసాప్టెరిస్ చెట్లు. బాయిలో పనిచేసిన పెద్దలు పైకప్పు రాతి మీద ఆకు అచ్చులు చూసే ఉంటారు. ఆ అడవే మన మూడో సీము, నాలుగో సీము.

1912 ఫిబ్రవరిలో దక్షిణ ధ్రువం నుంచి తిరిగి వస్తూ కెప్టెన్ స్కాట్ బృందం బియర్డ్‌మోర్ హిమానీనదం పక్కన రాళ్లు ఏరింది. ఆకలితో, చలితో చనిపోబోతూ కూడా 16 కిలోల రాళ్లు పారేయకుండా లాక్కొచ్చారు. వాళ్ల శవాలతోపాటు దొరికిన ఆ రాళ్లలో గ్లోసాప్టెరిస్ ఆకు అచ్చు ఉంది. మన బాయి పైకప్పు ఆకే. అంటార్కిటికాలో లాంబర్ట్ హిమానీనదం దగ్గర, బీవర్ లేక్ అనే చోట మన కాలపు బొగ్గు పొరలే బయటికి కనిపిస్తాయి. తవ్వకూడదు. 1991లో మాడ్రిడ్‌లో ఒప్పందం రాసుకున్నారు, మన దేశం కూడా అందులో ఉంది. ఆ తీరానే, ప్రిడ్జ్ బే పక్కన, మన దేశపు భారతి కేంద్రం 2012 నుంచి పనిచేస్తోంది. మన తూర్పు కనుమల రాళ్లకూ ఆ చుట్టుపక్కల రాళ్లకూ చుట్టరికం ఉంది. సుమారు 13 కోట్ల ఏళ్ల క్రితం విడిపోయిన అన్నదమ్ముల వాటాలు. మన వాటా ఉత్తరానికి నడిచి ఎండలో పడింది. వాళ్ల వాటా ధ్రువం మీదే ఉండిపోయి, మళ్లీ మంచు కింద పడింది.

ఆ రెండో మంచు ఎప్పుడు పట్టింది? ఇక్కడి నుంచి నా రెండో ఉద్యోగానికి వస్తాను.

సముద్రంలో బోరు వేయడం వేరే లోకం. నేల కింద కాదు, నేల పైన కూడా వందల మీటర్ల నీళ్లు ఉంటాయి. 2006లో కృష్ణా–గోదావరి బేసిన్‌లో గ్యాస్ హైడ్రేట్ల కోసం జాయిడెస్ రెజల్యూషన్ అనే నౌక వచ్చి కోర్‌లు తీసింది. నేను ఆ నౌక ఎక్కలేదు. కానీ అదే సముద్రంలో పనిచేసే వాణ్ణి కాబట్టి దాని గురించి దొరికిందల్లా చదివాను. గోదావరి నోటి ఎదుట తీసిన ఒక కోర్‌లో పది వేల ఏళ్ల వానల లెక్క దొరికింది. ఆకుల మీది మైనం మట్టిలో కలిసి అక్కడికి చేరుతుంది. దాన్నిబట్టి ఈ లోయలో ఏ కాలంలో ఎలాంటి మొక్కలు పెరిగాయో చెప్పారు. నాలుగు వేల ఏళ్లుగా లోయ ఎండుతూ వచ్చిందని తేలింది. మన ఘాట్‌లో మునిగినప్పుడు కాళ్ల కింద కదిలే మట్టి చివరికి చేరేది అక్కడికే.

చదువుతుంటే తెలిసింది, ఇదే నౌక 1988 మొదట్లోనూ, మళ్లీ 2000లోనూ ప్రిడ్జ్ బేలో బోర్లు వేసిందని. నాకైతే ఒళ్లు పులకరించింది. ఒకే రిగ్గు అటు అన్నగారి వాకిట్లో, ఇటు మన వాకిట్లో! 2000లో అక్కడ తీరానికి దగ్గరగా తీసిన ఒక కోర్‌లో కింద నదులు పరిచిన ఇసుక, మొక్కల ఆనవాళ్లు. దాని పైన సముద్రపు మెత్తటి మట్టి, అందులో అక్కడక్కడ ఒంటరి రాళ్లు. ఆ పైన హిమానీనదం తన బరువుతో అదిమి గట్టిపరిచిన రాళ్ల మట్టి. మన దగ్గర కింద మంచు, పైన అడవి. అక్కడ కింద అడవి, పైన మంచు. తలకిందులు పెట్టిన మన బోరు లాగా ఉంది. ఆ మార్పు కాలం సుమారు 3 కోట్ల 40 లక్షల ఏళ్ల క్రితం. గాలిలో బొగ్గుపులుసు వాయువు బాగా తగ్గిన కాలం కూడా అదే.

మంచు ఎంత ఉందో కూడా మట్టి చెబుతుంది. ఎలాగో బాయి భాషలో చెబుతాను. షిఫ్టు దిగినప్పుడు బాయిలో ఎంతమంది ఉన్నారో తెలియాలంటే కిందికి దిగి లెక్కపెట్టక్కర్లేదు. ల్యాంప్ రూములో ఎన్ని ల్యాంపులు తక్కువున్నాయో చూస్తే చాలు. సముద్రం కూడా ఒక ల్యాంప్ రూము. నీటిలో తేలిక ఆక్సిజన్, బరువు ఆక్సిజన్ అని రెండు రకాలు ఉంటాయి. ఆవిరయ్యేటప్పుడు తేలికది ఎక్కువగా లేస్తుంది. అది ధ్రువం మీద మంచుగా పడి అక్కడే ఉండిపోతే సముద్రంలో తేలికది తగ్గిపోతుంది. సముద్రంలో బతికే ఫోరామినిఫెరా అనే చిన్న జీవులు, ఆవగింజ కంటే చిన్నవి, అప్పటి నీటితోనే గవ్వ కట్టుకుంటాయి. చచ్చి అడుగున పడతాయి. పొర పొరకూ ఆ గవ్వలు ఏరి తూచితే, ఏ కాలంలో ఎన్ని ల్యాంపులు బయటికెళ్లాయో, అంటే ఎంత నీరు మంచుగా నేల మీద ఉందో తెలుస్తుంది. నీటి వేడి కూడా ఆ గవ్వ మీద ప్రభావం చూపుతుంది కాబట్టి లెక్క ఇంత సులువు కాదు. 1955లో ఎమిలియాని దాన్ని ఎక్కువగా వేడి లెక్కే అనుకున్నారు. ఎక్కువ భాగం మంచు లెక్కే అని 1967లో షాకిల్టన్ చూపించారు. 1976లో హేస్, ఇంబ్రీ, షాకిల్టన్ ముగ్గురూ మన హిందూ మహాసముద్రం దక్షిణ భాగం నుంచి తీసిన రెండు కోర్‌లతో, మంచు యుగాల రాకపోకలకు భూమి కక్ష్యలో వచ్చే మార్పులే తాళం వేస్తున్నాయని నిరూపించారు. చివరి మంచు యుగంలో సముద్రం ఇప్పటికంటే సుమారు 120 మీటర్లు కిందికి దిగింది.

నాలాంటి వాడికి అన్నిటికంటే నచ్చిన బోరు మాత్రం ఇంకొకటి. 2006 చివర, 2007 మొదట్లో అంటార్కిటికాలో మెక్‌మర్డో దగ్గర ఆండ్రిల్ అనే బృందం వేసింది. తేలే మంచు పలక, 80 మీటర్లకు పైగా మందం. దాని మీద రిగ్గు నిలబెట్టారు. వేడినీళ్లతో మంచుకు బొక్క పెట్టి, దాని కింద 800 మీటర్లకు పైగా నీళ్లలోంచి గొట్టాలు దింపి, సముద్రం అడుగు నుంచి 1,285 మీటర్ల కోర్ తీశారు. కింది పలక ఆటుపోట్లతోపాటు లేస్తుంది, దిగుతుంది. కోర్ ఎంత చేతికొచ్చిందో తెలుసా? నూటికి 98 పాళ్లు. ఈ సభలో రిగ్గు మీద పనిచేసిన వాళ్లు ఎవరన్నా ఉంటే ఆ అంకెకు చప్పట్లు కొట్టండి. గట్టి నేల మీద కూడా నాకు చాలాసార్లు అంత రాలేదు.

ఆ కోర్‌లో ఏముంది? రాళ్ల మట్టి, దాని పైన పచ్చటి డయాటమ్ మట్టి, మళ్లీ రాళ్ల మట్టి, మళ్లీ డయాటమ్ మట్టి. డయాటమ్ అంటే ఎండతో బతికే నీటి జీవి. పైన మంచు మూత ఉంటే బతకదు. అంటే మూత తెరుచుకుంది, మూసుకుంది, మళ్లీ తెరుచుకుంది. ముప్పై నుంచి యాభై లక్షల ఏళ్ల క్రితం, సుమారు 40 వేల ఏళ్లకొకసారి, పశ్చిమ అంటార్కిటికా మంచు వెనక్కి తగ్గి అక్కడ నీళ్లు బయటపడ్డాయి. అవతలి వైపు, తూర్పు అంటార్కిటికా బయట, విల్క్స్ ల్యాండ్ ఎదుట 2010లో తీసిన కోర్‌లోనూ అలాంటి కబురే ఉంది. మట్టి రేణువులను పరీక్షిస్తే అవి ఏ రాతి నుంచి అరిగి వచ్చాయో తెలుస్తుంది, బూడిద చూసి ఏ బాయి బొగ్గో చెప్పినట్టు. ఇవాళ మంచు కింద దాగి ఉన్న రాతి మట్టి అప్పుడు సముద్రంలోకి వచ్చింది. అంటే మంచు అంచు అక్కడిదాకా లోపలికి తగ్గింది. కదలదనుకున్న మంచు కదిలింది.

ఆ కాలంలో గాలిలో బొగ్గుపులుసు వాయువు పది లక్షల పాళ్లకు 400 పాళ్ల దరిదాపుల్లో ఉండేది. మనుషులు బొగ్గు కాల్చడం మొదలుపెట్టక ముందు 280. ఇప్పుడు 420 దాటింది.

అందుకే ఈ ప్రసంగం రాయడానికి నాకు నెల పట్టింది. ఎవరి ముందు చెబుతున్నాను? బొగ్గు తిని పెరిగిన వాళ్ల ముందు. నా అన్నం, నా బట్టలు, నా ఇంజినీరింగ్ ఫీజు అన్నీ బాపు పంపు జీతం. ఒక టన్ను మన బొగ్గు కాలిస్తే సుమారు టన్నున్నర బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. గ్లోసాప్టెరిస్ చెట్లు లక్షల ఏళ్లు గాలిలోంచి పీల్చి దాచిపెట్టిన దాన్ని మనం షిఫ్టుల లెక్కన తిరిగి పంపించాం. దాంతో దేశానికి కరెంటొచ్చింది, ఈ ఊరొచ్చింది, ఈ బడొచ్చింది. రెండూ నిజమే. ఒకటి చెప్పి ఇంకొకటి దాచడం నా చేత కాదు.

నిన్న రాత్రి గెస్ట్‌హౌస్‌లో మా దోస్తు అడిగాడు, "అయితే ఏందన్నట్టు? బాయిలు మూసెయ్యమంటవా? మా పోరడు కాంట్రాక్టు మీద పనిచేస్తుండు, వాడేం తినాలె?" అని. నేను మూసెయ్యమని చెప్పలేదు. నా దగ్గర అంత సులువైన జవాబు లేదు. వాడికి కోర్‌లో ఏముందో అదే చెప్పాను. ఎంత పెరుగుతుందో, ఎంత తొందరగా పెరుగుతుందో వేరు వేరు సంగతులు. అంటార్కిటికా మంచంతా కరిగితే సముద్రం 58 మీటర్లు లేస్తుంది, కానీ అది మన మనవల కాలంలో జరిగేది కాదు. పశ్చిమ భాగం ఒక్కటే కరిగితే మూడు నుంచి ఐదు మీటర్లు. దానికీ వందల ఏళ్లు పడుతుంది. కానీ ఒకసారి మొదలైతే పంపు ఆపినంత తేలిగ్గా ఆగదు. సముద్రపు మట్టిలో ఆ వాయువు నెమ్మదిగా పెరిగిన కథలు చాలా ఉన్నాయి. మనం రెండు వందల ఏళ్లలో చేసినంత వేగంగా పెంచిన కథ నాకు తెలిసినంతలో మంచు లెక్కల్లో కనిపించలేదు.

"ఖనికి సముద్రం రాదు కదా?" అన్నాడు వాడు. రాదు. నేనుండేది కాకినాడలో. పక్కనే ఉప్పాడ. ఇరవై ఏళ్లలో నా కళ్ల ముందే రోడ్డు రెండుసార్లు లోపలికి జరిగింది. దాన్నంతా అంటార్కిటికా మీద తోయడం తప్పు. తీరం ఒరవడి మారింది. గోదావరి మీద కట్టిన ఆనకట్టల వెనక మట్టి ఆగిపోయి డెల్టాకు కొత్త మట్టి రావడం తగ్గింది. ఆ పైన సముద్రం కూడా కాస్త కాస్త లేస్తోంది. మన ఏరు చివర ఉండే ఊళ్లు చాలా వరకు సముద్రానికి ఐదు మీటర్ల లోపు ఎత్తులోనే ఉన్నాయి. మనం పైన ఉన్నాం, వాళ్లు కింద ఉన్నారు. ఏరు ఒకటే.

వాడు కాసేపు ఊరుకుని, "ఎన్టీపీసీ చెరువు మీద సోలార్ పలకలు తేలుతున్నయ్, చూసినవా?" అన్నాడు. పొద్దున వెళ్లి చూశాను. 2022 నుంచి 100 మెగావాట్లు. పొగగొట్టాల నీడ పడే నీళ్ల మీదే తేలుతున్నాయి. మా వాడి కొడుకు అక్కడ ఉద్యోగానికి పెట్టుకున్నాడట, ఇంకా రాలేదట. అక్కడ బాయిలో పట్టినంత మంది పట్టరని కూడా చెప్పాడు. అది కూడా నిజమే. ఈ సభలో పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు, యూనియన్లలో ఉన్నవాళ్లు ఉన్నారు. మా వాడి ప్రశ్నకు జవాబు నాకంటే మీ దగ్గర ఎక్కువ ఉండాలి. భోజనాల దగ్గర వాణ్ణి తప్పించుకోకండి, నీలం చొక్కా వేసుకున్నాడు.

ఇక నేను తెచ్చిన వస్తువు. క్యాంపులోని ఆ కోర్ నాది కాదు, అది దాని పెట్టెలోనే ఉండిపోయింది. కిందటి డిసెంబరులో మన లోయ అంచున ఒక రోడ్డు కోత దగ్గర తాల్చీర్ మట్టిలోంచి రాలిపడిన రాయి ఒకటి దొరికింది. కొబ్బరికాయంత ఉంది. ఒక వైపు ఆకురాయితో చదును చేసినట్టు ఉంటుంది, దాని మీద గోటితో తడిమితే తెలిసే సన్నటి గీతలు ఉన్నాయి. ముందు వరుస నుంచి చేతులు మారుస్తూ వెనకదాకా పంపండి. బరువుంటుంది, పిల్లలు జాగ్రత్త. కొంచెం తడిపితే గీతలు బాగా కనిపిస్తాయి, వాటర్ బాటిల్ ఎవరన్నా ఇవ్వండి.

సైన్స్ ల్యాబుకు ఇచ్చి పోతున్నాను. కింద పెట్టడానికి అట్ట మీద రాసుకొచ్చాను: "తాల్చీర్ రాయి. సుమారు 30 కోట్ల ఏళ్లు. దీన్ని మోసుకొచ్చింది మంచు. దీని పైన ఉన్నది మన బొగ్గు." తెలుగు పండిట్ సారు ఇక్కడే ఉన్నారు కాబట్టి అక్షరదోషాలు ఉంటే సభ అయ్యాక దిద్దమని మనవి. మా సైన్స్ సారు రెండో కుర్చీలో ఉన్నారు. రాయి ముందు ఆయన చేతికివ్వండి.